నీట దిగుటకు ముందొక మాట

సముద్రమునకు మొగమాటము లేదు. ఎదుట నున్నవాడు పెద్దవాడనియు, అనుభవజ్ఞుడనియు, ఎంతో దూరమునుండి ఎంతో ఖర్చు పెట్టుకొని వచ్చినాడనియు అది చూడదు. మొగమాటము మనుష్యులకే. అందులోను స్నేహముకొరకు ఒకచోట చేరిన మనుష్యులకు అది మరింత అధికము. వినోదార్థము సముద్రగర్భములోనికి దిగు క్లబ్బులవారు వ్రాసికొను ముప్పు అంచనా పత్రములలో గాలి, అల, ఆటుపోటులు, లోతు, చలి అన్నియు వరుసగా కనబడును. మొగమాటమను మాట మాత్రము సాధారణముగా కానరాదు. అయినను ఆ పత్రమువలన కలుగవలసిన అసలు మేలు ఏమన, ఆ మొగమాటమును త్రెంచుటయే.

వీపున గాలి సిలిండరు కట్టుకొని, నోట రెగ్యులేటరును కరచిపట్టి, పైనున్నవారితో తాడుగాని గొట్టముగాని లేకుండ నీటిలో స్వేచ్ఛగా సంచరించుటయే స్కూబా. 1943లో ఫ్రాన్సున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను నిరువురు కూర్చిన ఆక్వాలంగ్ అను పరికరముతో ఈ విద్య సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. పది సంవత్సరముల తరువాత, 1953లో, ఆస్కర్ గూగెన్, పీటర్ స్మాల్ అనువారు లండనులో బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్బును స్థాపించిరి. బ్రిటనులో నేడు దాని శాఖలు అనేకములు కలవు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వడ్రంగులు, వైద్యులు, విద్యార్థులు, ఎవరైనను ఇందు చేరవచ్చును. నేర్చినవాడు నేర్వనివానికి జీతము లేకుండ నేర్పును. చలికాలపు సాయంత్రములందు ఈతకొలనులోను, తరువాత లెస్టర్‌షైరులోని స్టోనీ కోవ్ వంటి నీరు నిండిన పాత రాతిగనులలోను అభ్యాసము చేసి, వేసవిలో సముద్రమునకు పోవుదురు. శాఖకు ఒక డైవింగు ఆఫీసరు, యాత్రకు ఒక డైవ్ మేనేజరు ఉందురు. వీరును జీతము లేనివారే. వీరి అధికారము స్నేహితులు ఇచ్చిన అధికారము. ఇట్టి సంఘము యొక్క బలము ఇదియే, బలహీనతయు ఇదియే.

ఉద్యోగముగా నీట దిగువారి క్షేమమునకై బ్రిటనులో చట్టములు కలవు. 1974 నాటి ఆరోగ్య భద్రతా చట్టమును, 1997 నాటి డైవింగు నిబంధనలును అట్టివి. జీతము పుచ్చుకొని నేర్పు శిక్షకునకు ఆ డైవింగు నిబంధనలు వర్తించును. జీతము లేని స్నేహితుల బృందమునకు వర్తింపవు. అయినను ఒకరియెడ నొకరు వహింపవలసిన జాగ్రత్తనుండి న్యాయము వారిని పూర్తిగా విడిచిపుచ్చదు. అందుచేత ఫ్యాక్టరీలవారివలెనే క్లబ్బులవారును ముప్పు అంచనా వ్రాయుట అలవాటైనది. అందు అయిదు మెట్లు కలవు: హాని ఎచ్చటనుండి రాగలదో చూచుట, అది ఎవరికి, ఎట్లు తగులునో ఆలోచించుట, ఎంతవరకు తగులునో తూచి తగిన జాగ్రత్తలు నిర్ణయించుట, నిర్ణయించినదానిని వ్రాసియుంచుట, కాలము మారినకొలది మరల సరిచూచుట.

ఈ పత్రమును గూర్చి క్లబ్బులలో రెండు పక్షములు వినబడును. వారమంతయు కార్యాలయమున కాగితములతో వేగి, ఆదివారమునాడు సముద్రమునకు వచ్చిన పిమ్మట కూడ కాగితమేనా అని మొదటి పక్షము విసుగుకొనును. ముప్పది యేండ్లుగా దిగుచున్నాము, ఏ పత్రము వ్రాసి దిగినాము, అని వారు అడుగుదురు. రేపు ఏమైన జరిగినయెడల చూపుటకు ఒక కాగితముండుట మంచిదని రెండవ పక్షము చెప్పును. ఈ రెండు పక్షములును పరస్పరము విరుద్ధములుగా కనబడినను, లోతున చూచినచో ఒక్కటియే. రెండింటికిని కాగితమే కనబడుచున్నది. ఒకరికి అది భారము, మరియొకరికి డాలు. అది పదిమంది కలిసి చేయవలసిన ఆలోచన అను సంగతి ఇరువురును మరచుచున్నారు.

అంకెల ఓదార్పు

హాని వేరు, ముప్పు వేరు. 30 మీటర్ల లోతు హానికారణము కావచ్చును. అది నిన్న ఎట్లున్నదో నేడును అట్లే యున్నది. ముప్పు మాత్రము దిగువానిని బట్టియు, దిగు వేళను బట్టియు మారుచుండును. నీరు నిలకడగా నున్న వేళ, నిద్ర చాలిన శరీరముతో, పరిచితుడైన జతగానితో దిగువానికి ఆ లోతు ఒక మాదిరి. రాత్రియంతయు కారు నడపి వచ్చి, పాటు మొదలైన తరువాత, ఆ ఉదయమే పరిచయమైన జతగానితో దిగువానికి అదే లోతు మరియొక మాదిరి. కనుక స్థలమును మాత్రమే చూచి వ్రాసిన అంచనా సగము అంచనాయే.

క్లబ్బులలో వాడుకలోనున్న పత్రములు కొన్నింటిలో ప్రతి హానికిని రెండు అంకెలు వేయుదురు. అది సంభవించు అవకాశమునకు ఒకటి మొదలు అయిదువరకు ఒక అంకె. సంభవించినచో కలుగు తీవ్రతకు అట్లే మరియొక అంకె. ఆ రెంటిని గుణించి, వచ్చిన ఫలమును బట్టి పచ్చరంగో, పసుపురంగో, ఎఱ్ఱరంగో పూయుదురు. ఇందు ఒక ప్రయోజనము లేకపోలేదు. మొదట దేనిని గూర్చి మాటలాడవలెనో అది తెలుపును. కాని ఆ అంకెలు కొలిచి తెచ్చినవి కావు, ఊహించి వేసినవి. ఊహను ఊహతో గుణించిన ఫలము ఊహయే అగును గాని శాస్త్రము కానేరదు. ఎనిమిది వచ్చినది కనుక దిగవచ్చునని చెప్పువాడు తన మాటనే తాను సాక్షిగా పిలుచుకొనుచున్నాడు. అంతకంటె విచారింపదగినది మరియొకటి కలదు. ఒకసారి వ్రాసిన పత్రమునకు నకళ్ళు తీసి, తేదీ మాత్రము మార్చి, ఏటేట వాడుకొనుట. అట్టి కాగితములో సముద్రము ఎన్నడును మారదు, సభ్యులు ఎన్నడును ముసలివారు కారు.

నిజముగా లెక్కింపదగినవి కొన్ని కలవు. వానిని మాత్రము లెక్కింపక విడుచుట తగదు. అందు మొదటిది గాలి.

ఒక సిలిండరు కథ

నీటిలో ప్రతి 10 మీటర్లకును సుమారు ఒక వాతావరణపు పీడనము హెచ్చును. 25 మీటర్ల లోతున పీడనము ఒడ్డుననున్నదానికి మూడున్నర రెట్లు. ఒడ్డున నిమిషమునకు 20 లీటర్ల గాలి పీల్చువాడు అచ్చట సిలిండరునుండి 70 లీటర్లు ఖర్చు చేయును. 12 లీటర్ల సిలిండరులో 232 బార్ల వరకు గాలిని కుదించి నింపినచో అందు దాదాపు 2,780 లీటర్లు పట్టును. భాగించి చూచినచో 40 నిమిషములు వచ్చును. కొత్తవాడు ఇంతటితో లెక్క ముగించి సంతోషించును. అనుభవజ్ఞుడు అందులో మూడవవంతును తీసి ప్రక్కన పెట్టును. మిగిలినది 26 నిమిషములకు సరిపోవును. ఆ ప్రక్కన పెట్టిన 930 లీటర్లు ఎందులకు? పిసినితనము కాదా యని కొందరు అడుగుదురు.

ఇరువురు 25 మీటర్ల లోతున ఉన్నారనుకొందురు గాక. ఒకని గాలి హఠాత్తుగా ఆగిపోయినది. అతడు రెండవవాని సిలిండరునుండి పీల్చవలెను. భయపడిన మనుష్యుని ఊపిరి రెట్టింపగుట సాధారణము. భయపడినవానిని చూచినవాని ఊపిరియు అంతే. ఒక్కొక్కరు 40 లీటర్ల చొప్పున పీల్చినచో, ఆ లోతున ఇరువురికి కలిసి నిమిషమునకు 280 లీటర్లు కావలెను. ఒకరినొకరు పట్టుకొని, స్థిమితపడి, పైకి బయలుదేరుటకు ఒక నిమిషము చెల్లును. బ్రిటిష్ క్లబ్బు చెప్పునట్లు నిమిషమునకు 15 మీటర్లు మించకుండ 6 మీటర్లవరకు వచ్చి, అచ్చటనుండి పైకి ఒక నిమిషము తీసికొన్నచో, మొత్తము 640 లీటర్లు ఖర్చగును. మిగులునది 290 లీటర్లకు లోపు. 6 మీటర్లవద్ద మూడు నిమిషములు నిలువదలచినయెడల ఆ గాలి చాలదు. మూడవవంతు తీసిపెట్టుట పిసినితనము కాదు. ఒక్క జతగాని ప్రాణమునకు సరిపోవు బత్తెము మాత్రమే.

ఈ లెక్కకు పలకాబలపము చాలును. అయినను దీనికి మొగమాటమే అడ్డుపడుచున్నది. గాలి త్వరగా ఖర్చగుట కొత్తదనమునకు గుర్తని డైవర్లలో ఒక భావము కలదు. దానిచేత కొత్తవాడు తన గేజిని చూచుకొని, మిగిలినది తక్కువని తెలిసియు, ఇంకను చూచుచున్న జతగానిని ఆపుటకు సిగ్గుపడి, మరి కొంచెముసేపు ఊరకుండును. అమెరికాలోని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్కు పరిశోధకులు వినోద డైవర్ల మరణములను 947 పరిశీలించి 2008లో ప్రకటించిన వ్యాసమున, ఆరంభ కారణము గుర్తింప వీలైనవానిలో నూటికి 41 గాలి చాలకపోవుటతో మొదలైనవని తేలినది. గాలి ఒక్కసారిగా అయిపోదు. గేజి ముల్లు మెల్లమెల్లగా దిగును. ఆ ముల్లు దిగుచున్నంతసేపును ఒక మాటకు, ఒక చేతి సంజ్ఞకు అవకాశమున్నది. ఆ అవకాశము ఎట్లు జారిపోయినదో అంకెలు చెప్పవు. ఒడ్డున నున్నప్పుడే ఎవని గాలి త్వరగా చెల్లునో అడిగి, ఆ జంటకు వాని గాలియే కొలతయని నిర్ణయించినయెడల, నీటిలో వానికి సిగ్గుపడవలసిన పని యుండదు.

మారిన ఓడ

కొలువదగిన వానిలో రెండవది కాలము. ఇంగ్లండునకు నైరృతి కొననున్న కార్న్‌వాల్ తీరమున, విట్‌సాండ్ అఖాతమునందు, 2004 మార్చి 27వ తేదీన స్కిల్లా అను పాత యుద్ధనౌకను కోరి ముంచిరి. సముద్రజీవులకు ఆవాసముగాను, డైవర్లకు విహారస్థలముగాను ఉండవలెనని దాని ఉద్దేశము. ముంచుటకు ముందు ఓడను శుభ్రపరచి, లోపలికి వెలుతురు వచ్చునట్లును, వచ్చినవారు సులభముగా బయటపడునట్లును ప్రక్కలయందు దారులు కోసిరి. ఆ నాడు దానిని గూర్చి వ్రాసిన అంచనాలో లోపలి గదులు సులువైనవిగా కనబడియుండినచో ఆశ్చర్యము లేదు.

కాని సముద్రము ఊరకుండదు. ఏండ్లు గడచినకొలది లోపల మెత్తని ఒండ్రు పేరుకొన్నది. ఇనుము తుప్పుపట్టినది. కాలికి తగిలించుకొనిన రెక్క ఒక్కసారి గట్టిగా కదలినచో ఒండ్రు లేచి, అరచేయి అడ్డము పెట్టుకొన్నను కనబడని చీకటి కమ్మును. వచ్చిన ద్వారము రెండు బారల దూరముననే యుండవచ్చును. కనబడనిచో అది లేనట్లే. 2007లోను, మరల 2021లోను ఆ ఓడవద్ద డైవర్లు మరణించిరి. లోపలికి పోవలదని హెచ్చరికలు వెలువడినవి. ఓడ పేరు అదియే, లోతు ఇంచుమించు అదియే, పటములో గుర్తు అదియే. ముప్పు మాత్రము అది కాదు. సరిచూచుకొనుట అను అయిదవ మెట్టును క్లబ్బులు తరచు దాటవేయుచున్నవి. పది సంవత్సరముల క్రిందట లోపల తిరిగివచ్చిన పెద్ద సభ్యుడు తన జ్ఞాపకమునే పటముగా చూపినప్పుడు, "అయ్యా, ఆ తరువాత మీరు మరల చూచితిరా?" అని అడుగుటకు కొత్త సభ్యునకు నోరు రాదు. ఆ ప్రశ్నను పత్రమే అడుగవలెను. చివరిసారి ఎవరు, ఎప్పుడు చూచిరి అను గడి ఒకటి అందు ఉండవలెను.

చెప్పని జబ్బు

మూడవది శరీరము. క్లబ్బుల సభ్యులు క్లబ్బులతోపాటు ముసలివారగుచున్నారు. ఇరువది యేండ్ల ప్రాయమున చేరినవాడు అరువది యేండ్లకు కూడ అదే సిలిండరు మోయుచున్నాడు. నీట మునిగినంతనే కాళ్ళలోని రక్తము రొమ్మువైపునకు చేరును; చలి దానిని మరింత త్రోయును; గుండెకు పని హెచ్చును. కొందరికి ఊపిరితిత్తులలోనికి వారి శరీరపు ద్రవమే ఊరి, ఒడ్డున నున్నవాడు నీట మునిగినవానివలె ఆయాసపడును. దగ్గు, ఆయాసము, నురుగు దాని గుర్తులు. దీనిని సిలిండరు లోపమనియో, భయమనియో, అలవాటు తప్పుటయనియో భ్రమపడుట కలదు. అట్టివానిని తక్షణమే నీటినుండి వెలికి తీయుట మొదటి చికిత్స.

బ్రిటిష్ క్లబ్బులలో సభ్యుడు తన ఆరోగ్యమును గూర్చి తానే ప్రకటన పత్రము నింపును. సందేహమున్నచో డైవింగు వైద్యుని అభిప్రాయము పొందవలెను. పద్ధతి మంచిదే. కాని ఆ పత్రము నింపిన మరుసటి నెలలో రక్తపుపోటుకు కొత్త మాత్రలు మొదలుపెట్టిన సభ్యుని సంగతి ఏమి? పడవలో పదిమంది ఎదుట డైవ్ మేనేజరు "అందరును బాగున్నారుగదా?" అని అడుగును. ఆ ప్రశ్నలోనే సమాధానమున్నది. అందరును తల ఊపుదురు. ఇరువది మందికి విద్య నేర్పినవాడు, తన శిష్యుల ఎదుట, రాత్రి రొమ్ములో కొంచెము బరువుగా నున్నదని చెప్పునా? చెప్పినచో అతని జత చెడును. జత చెడినచో మరియొకడు దిగలేడు. పడవ అద్దె అందరును కలిసి చెల్లించినదే. ఒక్క మాటకు ఇన్ని ముళ్ళు పడియున్నవి. ఆ ముళ్ళను విప్పుటయే అంచనా పని. డైవ్ మేనేజరు ఒక్కొక్కరిని వేరుగా పిలిచి అడిగినను, ఒకరు తప్పుకొన్నచో జతలను ఎట్లు మార్చవలెనో ముందుగానే నిర్ణయించి ప్రకటించినను, ఆ మాట బయటికి వచ్చుటకు దారి యేర్పడును.

స్థాపకుని మరణము

బ్రిటిష్ క్లబ్బును స్థాపించిన ఇరువురిలో ఒకడైన పీటర్ స్మాల్ నీటిలో దిగియే మరణించెను. 1962 డిసెంబరు 3వ తేదీన, కాలిఫోర్నియా తీరమునకు ఎదురుగానున్న కటలీనా దీవివద్ద, స్విట్జర్లండు దేశీయుడైన హానెస్ కెల్లర్‌తో కలిసి ఆయన ఒక ఉక్కుగంటలో కూర్చుండి వేయి అడుగుల లోతునకు దిగెను. అంత లోతున మనుష్యుడు వెలుపలికి వచ్చి పనిచేయగలడని నిరూపించుట ఆ ప్రయోగపు లక్ష్యము. స్విస్, అమెరికా జెండాలను సముద్రపుటడుగున విడుచుటకు కెల్లర్ వెలుపలికి వచ్చెను. ఆ జెండాలు ఆయన గొట్టములో చిక్కుకొనెను. గంటలోనికి తిరిగివచ్చిన పిమ్మట ఇరువురును స్పృహ తప్పిరి. గంటను పైకి తీయుచుండగా అందుండి గాలి కారుచున్నట్లు తెలిసినది. కారణము కనుగొనుటకు ఇరువురు డైవర్లు దిగిరి. వారిలో ఒకడు 19 సంవత్సరముల విద్యార్థి. రెండవసారి దిగినప్పుడు, తలుపు సందున చిక్కుకొనిన రెక్క ముక్కను తోటివాడు కోసి తీసెను. విద్యార్థి మాత్రము మరల పైకి రాలేదు. కొన్ని గంటల తరువాత స్మాల్ కూడ మరణించెను. కెల్లర్ బ్రతికెను.

ఇది క్లబ్బు యాత్ర కాదు, సాహస ప్రయోగము. ఆదివారపు వినోదమును దీనితో పోల్చి తూచుట న్యాయము కాదు. ఆ దినమున ఎవరి మనస్సున ఏమున్నదో ఇప్పుడు ఊహించుటయు తగదు. అయినను రెండు సంగతులు ప్రతి క్లబ్బునకును చెందును. బ్రిటనులో ఈ విద్యకు సంఘమును కట్టినవాడే దీనికి బలియైనాడు కనుక, అనుభవము కవచము కాదన్నది మొదటిది. అనుభవజ్ఞుడు దిగుచున్నాడు కనుక భయము లేదని తలచు కొత్త సభ్యుడు తన కళ్ళను తాకట్టు పెట్టుచున్నాడు. రెండవది రక్షింప వచ్చినవాని సంగతి. అంచనా పత్రములలో దిగువానిని గూర్చి పది గడులుండును. వానికొరకు దిగవలసినవాడు ఎవడు, వాడు అంతకు ముందే ఒకసారి దిగి అలసియున్నాడా, వానికి గాలి ఎంత మిగిలియున్నది, వాడు దిగకుండ ఆపు అధికారము ఎవరిది, అను ప్రశ్నలు అరుదు. స్నేహితుడు నీటిలో ఉన్నప్పుడు ఒడ్డుననున్న స్నేహితునకు "ఆగుము" అను మాట వినబడదు. అది ముందే చెప్పబడియుండవలెను.

ఉదయపు నిర్ణయము

అట్లైన ముప్పు అంచనా ఎట్లుండవలెను? కాగితము ఒక్క పుటకు మించనక్కరలేదు. నీటి నిలకడ వేళ, వాతావరణ సమాచారము, పడవలోని ఆక్సిజను, 16వ చానెలుపై కోస్టుగార్డును పిలుచు రేడియో, పీడనచికిత్స చేయు కేంద్రమును చేరు మార్గము, ఇవి అందు తప్పక ఉండవలెను. పడవ దిగువారి పేర్లు, దిగిన వేళ, తిరిగి వచ్చిన వేళ పలకపై వ్రాయుటకు ఒక మనుష్యుడుండవలెను. ఇంతవరకు మంచి శాఖలు ఇప్పుడును చేయుచున్నవి.

తరువాతిది బిగ్గరగా చదువుట. ముందు మాటలాడవలసినవాడు కొత్త సభ్యుడు. చివర మాటలాడవలసినవాడు పెద్ద సభ్యుడు. పెద్దవాడు ముందు మాటలాడినచో తరువాతి మాటలన్నియు తలయూపులే అగును. ఆగవలసిన హద్దులను ఇంటివద్దనే, ఉత్సాహము పుట్టకముందే నిర్ణయింపవలెను. గాలి ఇంత మించినయెడల దిగరాదు, నీటిలో చూపు ఇంత తగ్గినయెడల దిగరాదు, అని ముందు వ్రాసికొనవలెను. అయిదు గంటలు కారు నడపి వచ్చి, అద్దె చెల్లించి, రబ్బరు దుస్తులు తొడిగికొనిన తరువాత సముద్రము ఎప్పుడును కొంచెము శాంతముగానే కనబడును. దానికి విరుగుడు మరియొక స్థలమును సిద్ధముగా నుంచుకొనుట. గాలికి చాటైన చిన్న అఖాతము ఒకటి ముందే ఎంచుకొనియున్నచో, వెనుకకు మరలుట ఓటమిగా కనబడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక హక్కు. ఏ సభ్యుడైనను, ఎప్పుడైనను, ఏ కారణము చెప్పకయే, "నేడు నేను దిగను" అని చెప్పవచ్చును. నీటిలో బొటనవ్రేలు పైకెత్తి చూపినంతనే జతగాడు వాదింపక పైకి రావలెను. ఈ నియమమును ఎరుగని డైవరు లేడు. ఎరుగుట వేరు, వాడుకొనుట వేరు. సంవత్సరమునకు ఒకసారియైనను పెద్ద సభ్యుడొకడు అందరి ఎదుట ఆ హక్కును వాడుకొని ఒడ్డున కూర్చుండి టీ త్రాగినచో, పది ఉపన్యాసములకంటె అది ఎక్కువ నేర్పును.

తిరిగి వచ్చిన తరువాత చేయవలసిన పనియు కలదు. ఏమియు జరుగని దినమున ఏమి జరుగబోయినదో చెప్పుకొనుట. బ్రిటిష్ క్లబ్బు ఏటేట ప్రమాదముల నివేదికను ప్రకటించుచున్నది. అందు పేర్లుండవు, జరిగినది మాత్రముండును. తప్పిన గండములను కూడ పంపుమని అది కోరుచున్నది. పేర్లు లేకుండుటయందు గొప్ప వివేకమున్నది. నిందకు భయపడువాడు నిజము చెప్పడు. నిజము లేనిదే తరువాతివానికి పాఠము లేదు.

ఇంతటి జాగ్రత్త వినోదమును చంపునని కొందరి ఆక్షేపణ. ముప్పు లేనిది సాహసమెట్లగును అని వారి ప్రశ్న. ఇందు సత్యము లేకపోలేదు. ముప్పును పూర్తిగా తీసివేయదలచినవాడు ఈతకొలను దాటరాదు. కాని అంచనా ముప్పును లేకుండ చేయుటకు కాదు, తెలిసి ఎంచుకొనుటకు. 1908లో జాన్ హాల్డేన్, ఆయన సహచరులు మేకలపై పరీక్షలు చేసి, లోతునుండి మెట్టుమెట్టుగా ఆగుచు పైకి వచ్చు పట్టికలను ప్రకటించిరి. ఆ పట్టికలు డైవరులను ఒడ్డున కట్టివేయలేదు. బ్రిటిష్ నౌకాదళము వారిని దాదాపు 200 అడుగుల లోతునకు పంపి క్షేమముగా తెచ్చుకొనుటకు అవియే ఆధారమైనవి. జాగ్రత్త స్వేచ్ఛకు శత్రువు కాదు. స్వేచ్ఛ దాని భుజములపై నెక్కియే దూరము చూచుచున్నది.

తెలుగువారికి ఇది కేవలము పరదేశపు ముచ్చట కాదు. విశాఖపట్టణమున ఋషికొండ తీరమున నేడు స్కూబా నేర్పువారున్నారు, నేర్చుకొనువారున్నారు. అచ్చట రుసుము పుచ్చుకొని దింపు పద్ధతి. క్లబ్బు పద్ధతి వేరు. కాని దిగువాని మొగమాటము రెండు చోట్లను ఒక్కటియే. రుసుము చెల్లించితిని గదా, వెంటవచ్చినవారు ఫోటో కొరకు వేచియున్నారు గదా, చెవి నొప్పి యని ఎట్లు చెప్పుదును, అను తలపు తెలుగువానికి కొత్తది కాదు. పెండ్లిపందిరిలో మరియొక గారె వడ్డించునప్పుడు వలదనలేక తినుట అలవాటైన జాతికి, నీటి అంచున వలదనుట అభ్యసించి నేర్వవలసిన విద్య. అదే తీరమున తెప్ప వేయు మత్స్యకారుడు ఇసుకలో నిలుచుండి చాలసేపు కెరటములను చూచును. చూచి, ఒక్కొక్కనాడు ఏమియు మాటలాడక వలను భుజమున వేసికొని ఇంటికి మరలును. అతనిని పిరికివాడని ఆ పల్లెలో ఎవరును అనరు.

క్లబ్బు పత్రములు నేర్పవలసినదియు ఆ మరలుటయే. సముద్రము మరునాడును అచ్చటనే యుండును. మరునాడు చూచుటకు మనుష్యుడు మిగిలియుండవలెను.